తమలపాకు తీగను దించుదాం



శ్రావణమాసం వచ్చిందంటే తమలపాకుకు గిరాకీ. మంగళవారాలు గౌరినోములు, శుక్రవారం వరలక్ష్మీ వ్రతం, సాయంత్రాలు పేరంటాలు. ఎవరింటికి వెళ్లినా రెండాకులు, ఒక వక్క, ఒక పండు చేతిలో పెడతారు. సరిగ్గా ఆ రోజుల్లోనే మన పెరట్లోనో బాల్కనీలోనో ఉన్న తీగ మొండికేస్తుంది. నడుమెత్తు దాకా ఒక్క ఆకుండదు, ఉత్త బోడి కాడ. ఆపైన గ్రిల్‌కు చుట్టుకుని, ఎక్కడో చిటారున నాలుగైదు ఆకులు. అవీ రూపాయిబిళ్ల కన్నా కాస్త పెద్దవి, అంతే. వాయనంలో పెట్టడానికి పనికొచ్చే ఆకు ఒక్కటీ దొరకదు. ఇంట్లో తీగ ఉంచుకుని బజారుకు పోయి కట్ట కొనుక్కొస్తాం.

ఈ తీగను మళ్లీ దారికి తేవడం ఎలాగో ఈ పూట మాట్లాడుకుందాం.

మొదట ఒక అలవాటు మానుకోవాలి. తీగ నీరసించిందనగానే మన చెయ్యి ఎరువు డబ్బా మీదికి పోతుంది. ఒకరు యూరియా గుప్పెడు వేయమంటారు, ఇంకొకరు వాడేసిన టీ పొడి అంటారు, మరొకరు పులిసిన మజ్జిగ. బియ్యం కడిగిన నీళ్లు సరేసరి. అన్నీ ఒకే వారంలో ఆ కుండీలో పడతాయి. ఇది జ్వరంతో పడుకున్నవాడికి పెళ్లిభోజనం వడ్డించడమే. వేరు బలంగా ఉంటేనే ఎరువు వంటబడుతుంది. వేరు దెబ్బతిన్నప్పుడు వేసిన రసాయన ఎరువు మట్టిలో ఉప్పును పెంచుతుంది. దాంతో పక్కనే తడి ఉన్నా వేరు తాగలేదు. ఆకు అంచులు మాడిపోతాయి. అవి మాడాయని మనం మళ్లీ ఇంకో గుప్పెడు వేస్తాం.

నీరసించిన తమలపాకు తీగ రెండు రకాలుగా ఉంటుంది. ఒకటి ముదిరిపోయిన తీగ, రెండోది జబ్బుపడిన తీగ. మొదటిదానికి చేసే వైద్యం రెండోదానికి చేస్తే ఉన్నదీ పోతుంది. అందుకే ముందు గుర్తు పట్టాలి. ముదిరిన తీగలో ఆకు చిన్నదవుతుంది గాని ఆరోగ్యంగానే ఉంటుంది. నిగనిగలాడుతుంది, నలిపితే ఘాటు వాసన కొడుతుంది. కాడ గట్టిగా ఉంటుంది. గోటితో కాస్త గీకితే లోపల పచ్చగా కనబడుతుంది. జబ్బుపడినదాని సంగతి తర్వాత చెబుతాను. మన ఇళ్లలో ఎక్కువ కనబడేది ముదిరిన తీగే కాబట్టి దానితో మొదలుపెడదాం.

తమలపాకు మిరియాల కుటుంబంలోది. మిరియం, పిప్పలి, తమలపాకు మూడింటినీ శాస్త్రజ్ఞులు పైపర్ అనే ఒకే ప్రజాతిలో చేర్చారు. మిరియపు తీగ చూసినవాళ్లకు పోలిక వెంటనే తెలుస్తుంది. దీనిలో ఆడ తీగ వేరు, మగ తీగ వేరు. మన దగ్గర పూత, కాయ అరుదు. తరతరాలుగా మనం కాడలే తెచ్చి నాటుకుంటున్నాం. ఈ తీగ బలమంతా కణుపులో ఉంది. ఒక కణుపును దగ్గరగా పట్టుకుని చూడండి. కాస్త ఉబ్బి ఉంటుంది. ఒక వైపు ఆకు, ఆ ఆకు మొదట్లో చిన్న మొగ్గ. చుట్టూ పొట్టి వేళ్లు గరుగ్గా వేలికి తగులుతాయి. గోడనో చెట్టునో పట్టుకునేది ఆ పొట్టి వేళ్లతోనే. గాలిలో ఉన్నంతకాలం అవి పట్టు వేళ్లు మాత్రమే, తీగకు తిండి పెట్టవు. అదే కణుపును తడిమట్టిలో పెట్టండి, ఆ వేళ్లే పొడుగెదిగి అసలు వేళ్లవుతాయి. పక్కనున్న మొగ్గ మేలుకుని కొత్త పిలక వేస్తుంది.

గుంటూరు జిల్లా పొన్నూరు, చేబ్రోలు వైపు, గోదావరి మీదుగా తుని దాకా, అటు కడప ప్రాంతంలోనూ ఆకుతోటలు వేసే రైతులు తరాలుగా బతుకుతున్నది ఈ కణుపు మీదే. కపూరి, బంగ్లా, తెల్లాకు, కారపాకు అని రకాలు చెబుతారు. ముందు అవిశె విత్తనాలు వరసల్లో చల్లి, అవి కాస్త ఎదిగాక వాటి మొదట్లో తీగ ముక్కలు నాటుతారు. అవిశె ఆకు సన్నం, నీడ పలచన. ఎండను పూర్తిగా ఆపదు, పూర్తిగా వదలదు. పైగా పప్పుజాతి చెట్టు కాబట్టి నేలకు నత్రజని ఇస్తుంది. దాని పువ్వు కూరకు, ఆకు మేకకు. ఇంతకన్నా అక్కరకొచ్చే పందిరి గుంజ ఇంకోటి నాకు కనబడలేదు.

ఒకసారి పొన్నూరు పక్కన ఒక తోటలో పెద్దాయన్ని అడిగాను, ఎరువు ఏం వేస్తారండీ, ఆకు ఇంత వెడల్పు వస్తోంది అని. ఆయన నవ్వాడు. "ఎరువు సంగతి తర్వాతండీ. తీగ పైకి పోయాక నువ్వెంత ఏసినా ఆకు ఎదగదు. దాన్ని కిందకి దించాల. దించితే మళ్లా పిల్లదవుద్ది" అన్నాడు.

ఆ దించడమే ఇవాళ్టి కిటుకు. మంచి తోటలో తీగ ఏడాదిలో సుమారు 3 మీటర్ల ఎత్తు పోతుంది. కింది ఆకులు ఎప్పటికప్పుడు కోసేస్తారు కాబట్టి మొదలంతా బోడిగా ఉంటుంది. వేరు నుంచి చిగురు దాకా దూరం పెరిగిపోతుంది. ఆ ఎత్తున ఆకు దాని అసలు సైజుకు రాదు. అప్పుడు తీగను అవిశె మీద నుంచి విప్పి, బోడి కాడను చుట్టగా చుట్టి, మొదట్లో మట్టిలో పూడుస్తారు. చివరనున్న కాస్త భాగాన్ని మళ్లీ చెట్టుకు కడతారు. ఒంపు తిరిగిన చోటల్లా కణుపుల నుంచి పిలకలు లేస్తాయి. ఒక్క తీగ నాలుగైదు తీగలవుతుంది. దించగానే నీళ్లు పెడతారు. మార్చి, ఏప్రిల్ నెలల్లో చేసే పని ఇది.

ఇంట్లో చేసుకునేవాళ్లు ఆ మార్చి, ఏప్రిల్ లెక్కను పట్టుకోనక్కర్లేదని నా అభిప్రాయం. తోటలో అవిశె నీడ ఉంటుంది, బోదెల్లో నీళ్లు పారుతుంటాయి, నేల చల్లగా ఉంటుంది. మన మేడమీద కుండీ మే నెలలో పెనంలా కాలుతుంది. తొలకరి పడి, గాలిలో వేడి తగ్గాక దించితే తీగకు సుఖం. అంటే ఈ శ్రావణం రోజుల్లోనే. నాలుగు రోజులు ముసురు పట్టి ఆగిన తర్వాత వచ్చే పొడి రోజు చూసుకోండి.

పని ఇలా చేయండి. తీగకు కింది భాగంలో మిగిలిన ఆకులుంటే తొడిమతో సహా కోసేయండి. పైన ఒక మూరెడు మేర ఆకులు అలాగే ఉంచండి. ఇప్పుడు గ్రిల్ నుంచి విప్పాలి. ఇక్కడే అందరూ తొందరపడతారు. లాగకండి. పట్టు వేళ్లు గోడకు అతుక్కుని ఉంటాయి, లాగితే కణుపు దగ్గరే కాడ పుటుక్కున విరుగుతుంది. వంటింటి చాకుతో ఒక్కో పట్టూ కోసుకుంటూ పైనుంచి కిందికి రండి. ఉదయం నీళ్లు పోసిన వెంటనే కాడ బిరుసుగా ఉండి విరుగుతుంది. అందుకని ముందు రోజు నీళ్లు ఆపి, సాయంత్రం పూట చేస్తే కాస్త మెత్తబడి చెప్పినట్టు వంగుతుంది.

కుండీ 12 అంగుళాల కన్నా చిన్నదైతే వెడల్పుది మార్చండి. ఈ తీగ వేళ్లు లోతుకు పోవు, పక్కలకు పోతాయి. లోతైన బకెట్ కన్నా వెడల్పాటి తొట్టి మేలు. మట్టి సగం ఎర్రమట్టి, మిగతా సగంలో బాగా మాగిన పశువుల ఎరువు, ఇసుక. ఒక గుప్పెడు వేపపిండి. పచ్చిపేడ వద్దే వద్దు. కొబ్బరిపొట్టు కలపమని చాలామంది చెబుతారు, కలపవచ్చు. అయితే వానాకాలంలో అది నీటిని వదలదు, అందుకే నేను ఇసుకనే నమ్ముతాను. అడుగున చిల్లు మూసుకుపోలేదని చూసుకోండి. కుండీ కింద పళ్లెం ఉంటే వానాకాలమంతా తీసి అవతల పెట్టండి.

మట్టి మీద బోడి కాడను గుండ్రంగా పరవండి. కణుపులు మట్టికి ఆనాలి. అదీ ముఖ్యం. ఆనని చోట చిన్న రాయి పెట్టి అదమండి. పైన రెండంగుళాల మందాన మట్టి కప్పండి. ఆకులున్న చివరను నిలబెట్టి, కొబ్బరిపీచు తాడు చుట్టిన కర్రకు వదులుగా కట్టండి. నున్నటి పైపూ ఇనుప చువ్వా దీనికి పనికిరావు, పట్టు దొరకదు. పట్టు దొరక్క గాలిలో వేలాడే కొమ్మకు ఆకు ఎప్పుడూ చిన్నదే. పెరట్లో మునగ చెట్టో కొబ్బరి చెట్టో ఉంటే కర్ర అవసరమే లేదు, దాని మొదట్లోనే పూడ్చండి.

ఆ తర్వాత రెండు మూడు వారాలు మీరు చేయాల్సింది దాదాపు ఏమీ లేదు. మట్టిపైన వేలు పెడితే తడి తగలాలి, పిండితే నీరు కారకూడదు. ఉన్న ఆకుల్లో ఒకటి రెండు పసుపెక్కి రాలితే గాభరా పడకండి. ఏం జరుగుతోందో చూద్దామని మట్టి తవ్వి కాడ పైకి తీసేవాళ్లున్నారు. వాళ్లకో నమస్కారం. మట్టిలోంచి సూదిమొనలా లేత పిలక తల ఎత్తి, దాని మీద రెండో ఆకు విచ్చుకున్నాకే ఎరువు మాట ఎత్తండి. అప్పుడైనా నెలకొకసారి రెండు గుప్పెళ్ల వర్మికంపోస్టు చాలు.

ఇక జబ్బు తీగ. నిన్న బాగున్న తీగ ఇవాళ ఆకులన్నీ ఒక్కసారిగా వేలాడేస్తుంది. దాహమేమో అని నీళ్లు పోస్తాం. ఇంకా వాడుతుంది. మట్టి తడిగా ఉండీ తీగ వాడిందంటే అది దాహం కాదు, కింద వేరు కుళ్లింది. మొదట్లో మట్టి కాస్త తీసి చూడండి. కాడ నల్లబడి, మెత్తబడి, వేలితో నొక్కితే తోలు జారిపోతుంది. లోపల నారపోగులు మిగులుతాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే నీచు వాసన. ఇది ఫైటోఫ్తోరా అనే సూక్ష్మజీవి పని. ఆకుతోటలను రాత్రికి రాత్రి తుడిచిపెట్టేది ఇదే. నీరు నిలిచిన చోట పుడుతుంది, వానచినుకు చిందినప్పుడు మట్టితో పాటు ఎగిరి కింది ఆకులకు అంటుకుంటుంది. అలా అంటిన ఆకు మీద నీరుకారినట్టుండే గోధుమరంగు మచ్చ గుండ్రంగా పాకుతుంది. మరోరకం కుళ్లులో కాడ మొదట్లో తెల్లటి దారాలు అల్లుకుని, మధ్యలో ఆవగింజంత గోధుమరంగు ఉండలు కనబడతాయి. పేరు వేరైనా ఇంట్లో మనం చేసేది ఒకటే.

ఇలాంటి తీగను దించకూడదు. కుళ్లిన మట్టిలో మంచి కాడను పాతిపెట్టినట్టవుతుంది. దీన్ని పైనుంచి కాపాడుకోవాలి. చాకును వేడినీళ్లతో కడిగి, తీగను నేలకు జానెడు పైన కోయండి. కోసిన చోట చూడండి. మధ్యలో గోధుమరంగు చారలుంటే ఇంకో జానెడు పైకి. మళ్లీ చాకు కడగండి, మళ్లీ కోయండి. లోపల తెల్లగా, చుట్టూ పచ్చగా, మచ్చ లేకుండా కనబడేదాకా పోవాలి. ఆ మిగిలిన భాగాన్ని మూడేసి కణుపుల ముక్కలు చేసి, రెండు కణుపులు లోపలికి, ఒకటి బయటికి ఉండేలా తడి ఇసుకలో గుచ్చండి. మీద పాలిథిన్ సంచి బోర్లించి, చెట్టు నీడన పెట్టండి. నాలుగు ముక్కల్లో రెండు బతికినా మీ తీగ మీకు దక్కినట్టే. పాత మట్టిని ఇంకో కుండీలో పోయకండి, తులసి కోటలో అసలే వద్దు. కుండీని కడిగి వారం రోజులు ఎండలో బోర్లించండి.

కొత్త మట్టిలో ట్రైకోడెర్మా విరిడె పొడి కలిపితే మంచిది. విత్తనాల దుకాణాల్లో దొరుకుతుంది. అది మేలు చేసే శిలీంధ్రం, కుళ్లు తెచ్చేవాటిని మట్టిలో ఎదగనివ్వదు. రెండు చెంచాల పొడి కిలో మాగిన ఎరువులో కలిపి, నీళ్లు చిలకరించి, గోనె కప్పి వారం రోజులు నీడన ఉంచి ఆ తర్వాత వాడాలి. రైతులైతే బోర్డో మిశ్రమం పోస్తారు. 1885 ప్రాంతంలో ఫ్రాన్సులో ద్రాక్షతోటల బూజుకు కనిపెట్టిన మందు. 100 లీటర్ల నీటికి కిలో మైలుతుత్తం, కిలో సున్నం కలిపితే ఒక శాతం మిశ్రమం. కలిపాక అందులో మెరిసే ఇనుప చాకు ముంచి చూస్తారు. దాని మీద రాగి పూత పడితే సున్నం చాలలేదని గుర్తు. తెలివైన పరీక్షే గాని, రోజూ ఆకు తుంచి నోట్లో వేసుకునే ఇంట్లో ఆ మందు జోలికి పోకపోవడమే మంచిదంటాను. రెండు కుండీల కోసం దాంతో పనిలేదు.

తీగ హఠాత్తుగా వాడిందనగానే మన ఇళ్లలో ఇంకో మాట వినబడుతుంది. మైల తగిలిందని. ఇంట్లో ఆడపిల్లల మీద, కోడళ్ల మీద ఆ నెపం పడుతుంది. ఈ మాట నేను గట్టిగానే చెబుతాను. ఏ ఆడమనిషి నీడ వల్లా తీగ వాడదు, నీళ్లు నిలిచి వేరు కుళ్లితే వాడుతుంది. నమ్మకం కలగకపోతే ఆ కుండీ తిరగేసి చూపించండి, చిల్లు మూసుకుపోయి ఉంటుంది. అయితే పాతకాలపు కట్టుబాట్లన్నీ కొట్టిపారేయలేం. ఆకుతోటలోకి చెప్పులతో రానివ్వని రైతులున్నారు. వాళ్లు భక్తితో అంటారు. కానీ ఒక తోట బురద ఇంకో తోటకు అంటకుండా ఉండడానికి అంతకన్నా చవకైన ఉపాయం లేదు.

జబ్బూ లేదు, ముసలితనమూ లేదు, అయినా తీగ బాగాలేదంటే చోటు బాగాలేదన్నమాట. ఈ తీగ పుట్టింది ఆగ్నేయాసియా వానల అడవుల్లో, పెద్ద చెట్ల కింద. పొద్దుటి ఎండ రెండు గంటలు తగిలితే సంతోషం. పడమటి ఎండ, ఆ ఎండకు కాలిన సిమెంటు గోడ, దీనికి శత్రువులు. ఏసీ బయటి పెట్టె ఎదురుగా పెడితే మరీ ఘోరం, వేడిగాడ్పు రోజంతా ఆకు మీదే. అదే ఏసీ నుంచి గొట్టంలో కారే నీళ్లు మాత్రం తీసి పోయండి, వాటిలో ఉప్పుండదు. నీళ్ల శుద్ధియంత్రం వదిలేసే నీళ్లు పోయడం ఈమధ్య బాగా పెరిగింది. పారబోయడం ఇష్టంలేక మొక్కలకు పోస్తున్నాం. ఆ నీళ్లు గచ్చు కడగడానికి వాడుకోండి. బోరులోని ఉప్పంతా అందులో పోగై ఉంటుంది, తమలపాకు ఉప్పును ఓర్చుకోదు. బోరునీళ్లు తప్ప గతిలేని అపార్ట్‌మెంట్లలో వానపడినప్పుడల్లా కుండీని బయటపెట్టి బాగా తడవనివ్వండి, మట్టిలో పేరుకున్న ఉప్పు కొట్టుకుపోతుంది. లేత ఆకు పాలిపోయి ఈనెలు మాత్రం పచ్చగా కనబడితే సున్నపు నీటి వల్ల ఇనుము అందడంలేదని అర్థం. అప్పుడు కూడా మార్చాల్సింది నీళ్లే.

చివరగా కోత సంగతి. దించిన తీగ నుంచి కొత్త పిలక లేచి మీ మోకాలెత్తు దాటేదాకా ఆకు ముట్టుకోకండి. శ్రావణంలో దించినవాళ్లు ఈ శ్రావణానికి ఆకు ఆశించవద్దు. కార్తీకమాసానికి కోసుకోవచ్చు. కోసేటప్పుడు కిందినుంచి పైకి రావాలి, కొసన నాలుగైదు ఆకులు ఎప్పుడూ వదలాలి. తొడిమ కణుపు దగ్గర కలిసే చోట బొటనవేలు ఆనించి పక్కకు తుంచండి, కిందికి లాగితే మొగ్గ కూడా ఊడొస్తుంది. మంగళవారం ఆంజనేయస్వామికి ఆకుపూజ ఉందని తీగంతా దూసేస్తే మాత్రం తిరిగి మొదటికొస్తాం. ఆ రోజుకు బజారులో కట్ట కొనండి, తప్పులేదు.

కొత్త పిలకలు మూడు నాలుగు వచ్చాక ఒకదాన్ని వేళ్లతో సహా కోసి వేరే కుండీలో పెట్టి ఉంచండి. ముసురులో మొదటిది పోయినా రెండోది ఉంటుంది. ఏడాది తిరిగేసరికి తీగ మళ్లీ గ్రిల్ చివరకు చేరుతుంది. అప్పుడు మళ్లీ దించుకోవడమే.